సూలూరు మామ మళ్ళీ గ్రూపులో చేరారు

నిన్న పొద్దున అత్త ఫోన్ చేసింది. "మామ పోయినారు పాపా" అంది.

నాకు నమ్మకం కుదరలేదు. మా ఇద్దరి వాదన ఇంకా సగంలోనే ఉంది. మామ గ్రూపులోంచి వెళ్ళిపోతారు గానీ, వాదనలోంచి ఎప్పుడూ వెళ్ళిపోలేదు.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను. నారాయణసామి మామ మా అమ్మకు తమ్ముడు. కోయంబత్తూరు పక్కనున్న సూలూరులో పంపు మోటార్లకు వైండింగ్ చేసే వర్క్‌షాప్ ఆయనది. నేను కోయంబత్తూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, మా ఫ్యామిలీ గ్రూపుకు అడ్మిన్‌ని. రెండో ఉద్యోగమే కష్టం.

మా ఇళ్ళలో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. బడిలో నేర్చింది తమిళం. నేను హైదరాబాద్‌లో పనిచేసిన రోజుల్లో అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే మా గ్రూపులో అన్నీ వాయిస్ నోట్సే. అందులో ముక్కాలు భాగం మామవే.

టెక్నాలజీలో మామకు అభిప్రాయం లేని విషయం లేదు.

స్క్రూ విప్పలేని ఫోను అద్దెకు తెచ్చుకున్న ఫోనేనని మదురై బావతో నెలల తరబడి పోట్లాడారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మాత్రం చేయరు. బాగా తిరిగే మోటారును ఎవరైనా విప్పుతారా అని అడిగేవారు. మరి విప్పే హక్కు కోసం ఇంత గొడవ దేనికి మామా అన్నాను.

"అది వేరే, ఇది వేరే" అని ఒక వాయిస్ నోట్ పెట్టి, గ్రూపులోంచి లెఫ్ట్ అయిపోయారు.

సరే అని లింక్ పంపాను. చూశారు, చేరలేదు. ఫోన్ చేస్తే అప్పుడు చెప్పారు.

"లింక్ పంపితే వచ్చేదానికి నేనేమి పార్సలా? మనిండ్లల్లో ఎట్ల పిలిచేది? తాంబూలం పెట్టి పిలువు, వస్తాను."

మా వాళ్ళలో అంతే. పెళ్ళికి పత్రిక పంపితే సరిపోదు, ఇంటికి వెళ్ళి తాంబూలం పెట్టాలి. మామ దాన్ని ఇంటర్నెట్‌కు కూడా వర్తింపజేశారు.

వెళ్ళాను. ఇంకేం చేస్తాను? ఆకు, వక్క, పూవన్ అరటిపళ్ళు పళ్ళెంలో పెట్టుకుని, ఆఫీసు బ్యాగ్‌తోనే సూలూరు వెళ్ళాను. అత్త పళ్ళెం అందుకుంది. మామ వేష్టి సరిచేసుకుని సోఫాలో కూర్చుని, "ఇప్పుడు పంపు" అన్నారు. ఎదుటి కుర్చీలోంచి నేను లింక్ పంపాను. చేరారు. చేరిన మరుక్షణం, నా ఎదుటే, నాకే వాయిస్ నోట్ పెట్టడం మొదలుపెట్టారు. ఆపిన చోటి నుంచే!

ఆ తర్వాత ఇది ఇంటి ఆచారమైపోయింది. మామ లెఫ్ట్ అవగానే అత్త నాకు ఫోన్ చేసి, పోయినసారి పళ్ళు పచ్చిగా ఉన్నాయి, ఈసారి చూసి తెమ్మని చెప్పేది.

మొన్నటి గొడవ మాత్రం వేరే రకం.

పొల్లాచ్చిలో గృహప్రవేశం. మా చెల్లెలు ఫోనులో మామ వాయిస్ నోట్ వింటోంది, టూ ఎక్స్ స్పీడులో. మేమందరం అలాగే వింటాం. మామ కాఫీ పట్టుకుని వెనకే కూర్చున్నారని అది చూడలేదు.

మామ శ్రద్ధగా విన్నారు. "ఎవరీ ఆసామి? రొంబ తొందరలో ఉండాడే. బస్సు పోతా ఉందా?" అన్నారు. ఇంకొంచెం విని, "కానీ కరెక్టుగా చెప్తా ఉండాడు" అని మెచ్చుకున్నారు.

అది మీరే మామా అని నేనే చెప్పాల్సి వచ్చింది.

ఇంటికి వెళ్ళాక యుద్ధం మొదలైంది. టూ ఎక్స్ ఒక ఫీచర్ అని నేను. పెద్దవాళ్ళ మాటను పరిగెత్తించడం అవమానమని మామ. మీరు ఆలోచించుకోవాలని మధ్యమధ్యలో ఖాళీ వదులుతున్నాను, మీరు దాన్ని మింగేస్తున్నారన్నారు. పప్పు ఉడికేదాన్ని ఎవరైనా తొందరపెడతారా అని అడిగారు. కుక్కర్ అందుకే కదా మామా అన్నాను.

లెఫ్ట్.

ఈ ఆదివారం వెళ్దామనుకున్నాను. ఆకు కొని తడిబట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. పళ్ళు కూడా మగ్గినవే కొన్నాను.

మామ పోయిన కబురు గ్రూపులో పెట్టింది నేనే. అందరికీ చేరింది. ఆయన మాత్రం గ్రూపులో లేరు. అది తట్టుకోలేకపోయాను.

నిన్న అంతా అయిపోయాక కారులో కూర్చుని ఆయన పాత నోట్స్ విన్నాను, మామూలు స్పీడులో. ఆలోచించడానికి వదిలిన ఖాళీలని మామ చెప్పింది శుద్ధ అబద్ధం. సూలూరు ఎయిర్‌ఫోర్స్ స్థావరం నుంచి విమానం ఇంటిమీదుగా పోతుంటే, అది దాటేదాకా ఆగేవారు. ఒక ఖాళీలో అత్త కాఫీ వద్దా అని అడుగుతోంది. ఇంకోదాంట్లో మామ, "ఉండు, పాపకు జవాబు చెప్పాలి" అంటున్నారు. నవ్వొచ్చింది. తర్వాత బాగా ఏడ్చాను.

ఈరోజు పొద్దున అత్త దగ్గర కూర్చున్నాను. ఆవిడ లేచి, మామ ఫోను ఛార్జర్‌లోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"లింక్ పంపు పాపా. ఈ తూరి తాంబూలం వద్దు. ఆయన తరఫున నేను ఒత్తుతాను."

పంపాను. అత్త ఒత్తింది.

ఆయన చేరినట్టు గ్రూపులో ఒక చిన్న లైను వచ్చింది. ఎదురుగా సోఫా ఖాళీగా ఉంది. నేను మాత్రం అలవాటుకొద్దీ వాయిస్ నోట్ కోసం ఎదురుచూశాను.

చదవడం రాని మా వాళ్ళకోసం ఇదంతా చదివి వాయిస్ నోట్‌గా గ్రూపులో పెడుతున్నాను. దయచేసి ఎవరూ స్పీడు ముట్టుకోకండి.

వెళ్ళిరండి మామా. అక్కడ మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టకూడదు, మీ మనసు నెమ్మదిగా ఉండాలి.