ఎవరూ మాట అందించకూడని పాఠం

మా ముత్తాత పాదిరి. పందొమ్మిదో శతాబ్దం చివరి మాట. ఏ సంవత్సరమో ఇంట్లో ఎవరూ రాసి పెట్టలేదు, ఊహించి చెప్పడం నాకు గిట్టదు. బోధన్ చుట్టూ అప్పటికి చెరకు లేదు, జొన్న చేలే. తన ప్రసంగం విన్నవాళ్లు ఇంటికి వెళ్లి ఒక్క వాక్యమైనా చదువుకోలేకపోతున్నారని, ఆయన ప్రసంగాలు మానేసి కూలివాళ్లకు తెలుగు చదవడం నేర్పుతూ కూర్చున్నాడు. చదివేవాళ్లు ఆగితే పక్కవాళ్లు మాట అందించకూడదన్నది ఆయన పెట్టిన కట్టుబాటు.

మా గుడిలో, అంటే మా చర్చిలో, అది ఇంకా నడుస్తోంది. గుడి పండుగ నాడు కొత్తగా చదువు నేర్చినవాళ్లే బైబిలు వాక్యం చదవాలి. ఎంతసేపు ఆగినా అందరూ ఊరుకోవాలి.

ఈసారి పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు.

“అవ్వా, గిప్పుడు చదువు రానోళ్లు ఎవరున్నరు? మా బిడ్డ ఇంగ్లిష్‌ల మంచిగ చదువుతది. గామెతోని చదివిస్త.”

“కొత్తగ తెలుగు నేర్చినోళ్లు చదువుడే మన ఆచారం, అయ్యగారూ. ఒక్క ఏడు తప్పిందంటే మళ్ల నిలవడది. మనిషిని నేను తెస్త.”

మా వెనకింట్లో బీడీలు చుట్టే ఆమె ప్రతి ఆదివారం బైబిలు చంకన పెట్టుకొని వస్తుంది, తెరవదు. చదువు నేర్చుకుంటావా అని అడిగితే వేళ్లు చూపించి నవ్వింది.

“బీడీలు సుట్టే ఏళ్లక్కా ఇవి. నాకిప్పుడు సదువా? మనుమలు నవ్వుతరు.”

“వాళ్లకు తెలుగు చదువొస్తదా?”

“రాదు. ఇంగ్లిష్ బడి గద.”

“మరి ఎవలు నవ్వాలె?”

ఆమె ఒడిలోని చాటలో తంబాకు పొడి మీదే వేలితో అక్షరాలు దిద్దించాను. తుమ్ముతూనే ఇద్దరం పాఠం నడిపించాం.

పండుగ నాడు ఆమె లేచి, వేదికెక్కి రెండు వాక్యాలు సాఫీగా చదివింది. మూడోదాని నడుమ ఆగిపోయింది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పాస్టరుగారి పెదవులు కదిలాయి. నేను చూసేసరికి మూసుకున్నారు. ఆమె వేలు వెనక్కి జరిపి, వాక్యం మొదటినుంచి అందుకొని, చివరిదాకా చదివింది.

దిగివచ్చి నా పక్కన కూర్చుంటూ గొణిగింది.

“తంబాకు వాసన లేకుంటే అచ్చరాలు కండ్లకు ఆనుతలేవక్కా.”

మా ముత్తాత వింటే ఎంత నవ్వేవాడో! నేను ఆపుకోలేక నవ్వాను. ఆమె మనుమలు కూర్చున్న బెంచీ వైపు చూసింది.

“వచ్చే ఏడు మా పెద్ద మనుమడు సదువుతడు. నువ్వు రాకు, నేనే నేర్పుత.”