మునిశేఖర్ అగ్నిజ

కుప్పం నుంచి బెంగళూరుకు రోజూ రైల్లో వెళ్లే మునిశేఖర్ సంచిలో టిఫిన్ డబ్బా పక్కన ఒక ఫాంటసీ నవల ఉంటుంది. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకుని, నలగకుండా పేజీలు తిప్పుతాడు. అందులోని మంత్రగత్తె అగ్నిజ గురించి చెప్పి చెప్పి బోగీలో అందరికీ ఆ పిచ్చి అంటించింది అతనే. ఎదుటి సీటు నర్సు తబిత కూడా మొదటి భాగం కొనుక్కుంది.

"అగ్నిజ అచ్చం నా మాదిరే ఉండాదప్పా," అని నిన్న ఆమె అంటే అందరూ అవునన్నారు. మునిశేఖర్ మొహం మాడిపోయింది.

"మూడో భాగంలో సచ్చిపోతాది లేమ్మా," అన్నాడు.

తబిత పుస్తకం మూసి సంచిలో పెట్టేసింది.

మూడో భాగం ఆ బోగీలో చదివింది అతనొక్కడే, అదీ నాలుగుసార్లు. అగ్నిజ చివరి పేజీలో కూడా బతికే ఉంటుంది. ఇక అతనొక్కడికే.