నా చెయ్యి కూడా ఆయనే ఎత్తినాడు

మా ఆయన తువ్వాలు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతాది. శింగనమల బస్టాండులో బస్సు రాంగానే కిటికీలోంచి తువ్వాలేసి సీటు పట్టుకుంటారు చూడండి, అట్లే పంచాయతీ ఆఫీసులో నా కుర్చీ మింద తువ్వాలేసినాడు ఆ మహానుభావుడు. అదీ నేను సర్పంచిగా గెలిచిన రెండో దినమే. రిజర్వేషన్లో సీటు ఆడోళ్లకు వచ్చిందని నన్ను నిలబెట్టిరి. ఎండలో ఇల్లిల్లూ తిరిగి దండాలు పెట్టింది నేను, ఓట్లు పడింది నా పేరుకు. కుర్చీలో మాత్రం ఆయన. "సర్పంచి ఉండాడా?" అని ఎవరన్నా వస్తే "ఉండా, చెప్పప్పా" అంటాడు. కొంచెమన్నా సిగ్గుండొద్దూ!

నేనేమో వాకిలి కాడ బెంచీ మింద. పిలిస్తే పోయి సంతకం చెయ్యల్ల, మళ్లా వచ్చి బెంచీ మింద కూర్చోవల్ల. రెండేండ్లు ఇట్లే గడిచిపాయ.

ఆ ఎండాకాలం యాడ చూసినా ఒకటే మాట, కొత్త రాజ్యాంగం. పాతది తీసేసి కొత్తది రాస్తారంట, దానికి జనం ఒప్పుకోవల్లంట. ఎవరు రాస్తారో, ఏం రాస్తారో ఎవురికీ తెలీదు. అయినా బత్తలపల్లెలో టీ అంగడి కాడ దీని మింద చొక్కాలు పట్టుకున్నారని చెప్పిరి. మా ఊర్లో బోర్లన్నీ ఎండిపోయి తాగేదానికి చుక్క నీళ్లు లేవు, వీళ్లకు ఇదీ పంచాయితీ.

ఒక పొద్దున అనంతపురం నుంచి చెనిక్కాయల వ్యాపారి ఒకాయన కారేసుకోని వచ్చినాడు. రాజకీయాల్లో తిరిగే మనిషి, మా ఆయనకు దోస్తు. ఊరోళ్లను ఆఫీసుకు పిలిపిచ్చి, "కొత్త రాజ్యాంగం మాకు సమ్మతమే అని గ్రామసభ తీర్మానం చేసియ్యండప్పా, పైకి పంపిస్తాం" అన్నాడు.

"దాంట్లో ఏముంటాదన్నా?" అని అడిగినాడు దిగువ ఎస్సీ కాలనీ నుంచి గెలిచిన వార్డు మెంబరు. ఆ గదిలో బుద్ధున్న మాట మాట్లాడింది ఆయప్పొక్కడే.

"ఈ రిజర్వేషన్ల గోల ఉండదు. సత్తా ఉన్నోడే కుర్చీలో కూర్చుంటాడు" అన్నాడు వ్యాపారి. "ఈ అన్ననే చూడండి. పని చేసేది ఈయన, పేరు మాత్రం ఆయమ్మది. ఎందుకప్పా ఈ నాటకం?"

అందరూ నవ్విరి. మా ఆయన గూడా నవ్వె. నాటకం ఆడేది నేనా? నా కుర్చీ పట్టుకోని కూర్చున్నోన్ని వదిలిపెట్టి నా సీటు తీసేస్తారంట!

"ఆ పాత రాజ్యాంగం లేకుంటే నన్ను ఈ గడప తొక్కనిచ్చేటోళ్లా?" అని మెంబరు లేచినాడు. నా పక్క తిరిగి, "అమ్మా, సర్పంచి నువ్వు. నువ్వేమంటావు?" అన్నాడు.

ఆ గదిలో నన్ను ఒక మాట అడిగింది అదే మొదులు. నేను నోరు తెరిచేలోపలే మా ఆయన అందుకున్నాడు. "ఆయమ్మకేం తెలుసప్పా, నేనుండా గదా. మ్మే, అందరికీ టీ చెప్పిరా పో."

నేను కదల్లే.

"సమ్మతమైనోళ్లు చేతులెత్తండి" అన్నాడు వ్యాపారి. చేతులు లేచె. మా ఆయన కుడి చెయ్యి ఎత్తినాడు. కొంచెం ఆగి ఎడమ చెయ్యి గూడా ఎత్తినాడు. "ఇది నాది, ఇది సర్పంచిది" అన్నాడు నవ్వుతా.

నా సీటు ఊడగొట్టేదానికి నా చెయ్యే ఎత్తినాడు! పెండ్లయిన కాన్నుంచి నా మాటలన్నీ ఆయనే చెప్తాండె. పోనీలే, ఇంటి మర్యాద అని ఊరుకుంటి. ఆ పొద్దు ఇంక నా వల్ల కాలే.

"చెయ్యి దించయ్యా!" అని అరిస్తి. "నా చెయ్యి నాకాడే ఉండాది, తెగి పడలేదు!"

మా ఆయన రెండు చేతులూ దించినాడు. "ఇంట్లో మాట్లాడదాం" అన్నాడు పండ్లు కొరుకుతా.

"ఇంట్లో ఏముందయ్యా మాట్లాడేది? సభకు సర్పంచి పిలవల్ల. నేను పిలిచినానా? నేను పిలవంది ఇది సభా కాదు, మీది తీర్మానమూ కాదు. అన్నా, నువ్వు కారు తిప్పుకో."

"ఆడోళ్లను నెత్తికెక్కించుకుంటే ఇంతే" అని వ్యాపారి లేచిపాయ. మా ఆయన వాని వెంబడే పాయ. తువ్వాలు మాత్రం కుర్చీ మిందనే వదిలిపెట్టినాడు, మళ్లా వచ్చి కూర్చుంటా అన్నట్ల.

నేను ఆ తువ్వాలు తీసి, ఆయన కూర్చున్న చోటంతా గట్టిగా తుడిచి, కూర్చుంటి. "ఇప్పుడు చెప్పండి, నీళ్లకు ఏం చేద్దాం?" అంటి. సగం మంది అప్పటికే ఎల్లిపోయినారు. ఉన్నోళ్లతోనే మాట్లాడితి.

సందకాడ ఇంటికి పోతే ఆయన అరుగు మింద మూతి ముడుచుకోని కూర్చోనుండాడు. దుమ్ము పట్టిన తువ్వాలు ఒళ్లో పడేస్తి.

"రెండు చేతులుండాయి గదా, ఉతుక్కో."