లాయరు గారు చెయ్యని ఫోను

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పాపను స్కూలుకు తయారు చేస్తుంటే తలుపు గంట మోగింది. పై ఇంటి పెద్దావిడ, మేం ఓమా అనే ఆవిడ, నిలబడి ఉంది. కోటు వేసుకుంది గానీ గుండీలు పెట్టుకోలేదు. "ఆయన ఇవాళ లేవలేదు" అంది జర్మన్‌లో. నాకు మొదట తలకెక్కలేదు. ఒంట్లో బాగాలేదేమో, డాక్టరుకు ఫోన్ చెయ్యాలేమో అనుకుని మొబైల్ కోసం లోపలికి తిరిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. డాక్టరు అప్పటికే వచ్చి, చూసి, కాగితం రాసిచ్చి వెళ్ళిపోయాడట.

పాడర్‌బోర్న్‌లో మేముండే ఇల్లు మూడంతస్తులది. మేం మధ్యలో, వాళ్ళు మా పైన. ఆయన అమెరికాలో ముప్పై ఏళ్ళు లాయరుగా పని చేసి, రిటైరయ్యాక భార్య పుట్టిన ఊరని ఇక్కడికి వచ్చేశారు. పిల్లలందరికీ ఆయన ఓపా, ఆవిడ ఓమా. ఇక్కడ తాతయ్యనీ నాయనమ్మనీ అలాగే పిలుస్తారు. నాకు మాత్రం ఆయన లాయరు గారు. తాను కన్సర్వేటివ్‌నని ఆయనే చెప్పుకునేవారు, అదేదో తన బ్లడ్ గ్రూపు చెప్పినంత మామూలుగా.

ఆయన గొప్పతనం చెప్పడానికి కూర్చోలేదు నేను. ఆయన ఒక ఫోను చెయ్యకుండానే పోయారు. బ్రెమెన్‌లో ఉన్న కూతురికి చెయ్యాల్సిన ఫోను. అది ఆగిపోవడంలో నా తప్పు ఉంది. ఆ సంగతి ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి.

మా పరిచయం సాంబ్రాణి పొగతో మొదలైంది. ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి వినాయక చవితికి నేను ఊళ్ళో వేసినట్టే వేశాను. స్మోక్ అలారం బిల్డింగంతా లేచేలా కూసింది. కింది ఇంటివాళ్ళు ఓనరుకు రాశారు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది, ఇంట్లో మతపరమైన కార్యక్రమాలు, గంటలు, పొగ ఇకమీదట వద్దని. మావారికి అప్పుడు బ్లూ కార్డు, అంటే ఇక్కడి ఉద్యోగ వీసా, కొత్త. ఎవరితో గొడవైనా భయమే. దేవుడి మందిరాన్ని బట్టల అల్మరాలో పెట్టేద్దామనుకున్నాం.

ఆ సాయంత్రం టై కట్టుకుని లాయరు గారు కిందికి వచ్చారు. అంతకు ముందు మెట్ల మీద గుడ్ మార్నింగ్ తప్ప మాటల్లేవు. అద్దె కాంట్రాక్టు చూపించమన్నారు. ఓమా చేత చదివించుకుని, ఒక్కో పేజీ అర్థం అడిగారు. తర్వాత ఇద్దరూ కలిసి ఓనరుకు ఒక పేజీ ఉత్తరం రాశారు. ఓనరు తగ్గి, పొగ సంగతి మాత్రం చూసుకోమని జవాబిచ్చాడు. మీకేం పట్టిందని ఇంత శ్రమ పడ్డారు, మీ దేవుడు కాదు కదా అని అడిగాను. నా నోరు అంతే, కృతజ్ఞత చెప్పాల్సిన చోట ప్రశ్న వేస్తుంది.

"నీ దీపం ఆర్పే అధికారం ఇవాళ ఓనరుకిస్తే, నా గోడ మీద శిలువ తీయించే అధికారం రేపటికి ఇచ్చినట్టే" అన్నారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, పొగ మాత్రం నిజంగానే ఎక్కువైందని కూడా అన్నారు.

అప్పటినుంచి శనివారం మధ్యాహ్నాలు వాళ్ళింట్లో కాఫీ, కేకు. నేను అమెరికా రాజకీయాలు ఫోన్‌లో రీల్స్ చూసి నేర్చుకున్నదాన్ని. కన్సర్వేటివ్ అంటే టీవీలో వేలు చూపించి అరిచేవాళ్ళనే లెక్క. ఆయన ఇంట్లో టీవీయే లేదు. తన వైపువాళ్ళే అరిచినా ఆయనకు నచ్చేది కాదు. గొంతు పెరిగిందంటే వాదన అయిపోయిందని అర్థం అనేవారు.

ఆ ఇంట్లో ఒకటే రూలు. ఎదుటివాళ్ళను కాదనే ముందు వాళ్ళ మాట మనమే చెప్పాలి. వాళ్ళు విని, అవును, నేనన్నది ఇదే అనాలి. అప్పుడు గానీ మన మాట మొదలుపెట్టకూడదు. మొదట్లో నాకు పిచ్చెక్కేది. నా జవాబు నాలుక చివర ఉండగా ఆయన వాదన ఒప్పజెప్పాలి. ఒప్పజెబితే ఆయన కేకు నములుతూ, "బాగానే ఉంది, కానీ నా వైపు ఇంతకన్నా గట్టిది" అనేవారు. మళ్ళీ చెప్పించేవారు. ఆఫీసులో మా మేనేజరు కూడా నా చేత ఒక పని మూడుసార్లు చేయించలేదు.

అలా ఆయన వైపు నాకు కంఠతా వచ్చేసింది. రాజ్యాంగంలో ఒక మాట రాసిన రోజున జనం దానికి ఏ అర్థం చెప్పుకున్నారో అదే దాని అర్థం. నచ్చకపోతే జనం ఓటు వేసి మార్చుకోవాలి తప్ప జడ్జి తన దయకొద్దీ మార్చకూడదు. జడ్జి మంచివాడైతే ఇవాళ బాగుంటుంది, రేపు వచ్చేవాడు మంచివాడని ఎవరు చెప్పారు? కుటుంబం, చర్చి, వీధి, ఊరు చెయ్యగలిగిన పని పైనున్న ప్రభుత్వం లాక్కోకూడదు. ఈ మెట్ల మీద మురికి ఎక్కడ పేరుకుంటుందో ఈ మెట్లెక్కేవాళ్ళకు తెలిసినట్టు బెర్లిన్‌కు తెలుస్తుందా అనేవారు. మెట్లు తుడిచే వంతు వచ్చినప్పుడు ఎనభై దాటిన మనిషి మోకాళ్ళ మీద వంగి తుడిచేవారు. మావారు బకెట్టు అందుకోబోతే ఇచ్చేవారు కాదు. తన వంతు తనదే.

ఒకసారి నేను, దూరంగా కూర్చున్నవాళ్ళు మన నిర్ణయాలు చేస్తే ఎలా ఉంటుందో కరీంనగర్ నుంచి వచ్చినదానికి చెప్పక్కర్లేదన్నాను. తెలంగాణ ఎందుకు అడిగాం, ఎలా తెచ్చుకున్నాం అని రెండు గంటలు కూర్చోబెట్టి అడిగారు. చివర్లో, "నువ్వు సగం మా పార్టీయే" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మిగతా సగం మీకు ఎప్పటికీ దొరకదని చెప్పి వచ్చేశాను. ఓమా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

వలసల మీద కూడా ఆయన మాట మెత్తన చేసుకోలేదు. ఏ దేశానికైనా తలుపు ఉండాలి, ఆ తలుపు చట్టప్రకారం తీయాలి, వెయ్యాలి అనేవారు. మరి నేనో అంటే, నువ్వు తలుపు కొట్టి వచ్చావు, నేనూ అంతే అన్నారు. ఇద్దరం ఒకే ఆఫీసు ముందు, ఒకే రకం టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంటు కోసం, నంబరు కాగితం పట్టుకుని నిలబడ్డవాళ్ళమే. ఆ మాట నాకు పూర్తిగా నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు.

కూతురి సంగతి చెప్పాలి. ఒక్కతే కూతురు. బ్రెమెన్‌లో ఆస్పత్రిలో మిడ్‌వైఫ్, పురుళ్ళ గదిలో పని. అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావం విషయాన్ని మళ్ళీ రాష్ట్రాలకే వదిలేసినప్పుడు తండ్రీ కూతుళ్ళకు ఫోన్‌లో మాటా మాటా పెరిగింది. రాజ్యాంగంలో లేని హక్కును జడ్జీలు పుట్టించారు, ఇప్పుడు జనం చేతికి తిరిగి వచ్చింది అని ఈయన. పుట్టని బిడ్డదీ ప్రాణమేనని ఆయన మతం, అది దాచలేదు, కానీ తీర్పు సంగతి వేరని చెప్పారట. నేను రోజూ చూసే ఆడవాళ్ళు మీ పుస్తకాల్లో ఎక్కడా లేరని ఆమె ఫోన్ పెట్టేసింది. తర్వాత క్రిస్మస్ కార్డులే. తల్లి వెళ్ళి చూసి వచ్చేది. ఆయన వెళ్ళలేదు, ఆమె రాలేదు.

పోయిన శరదృతువులో ఆయన రూలు ఇంకో మెట్టు ఎక్కించారు. ఇకనుంచి పూర్తిగా వైపులు మారుద్దామన్నారు. నేను ఆయన వైపు, ఆయన నా వైపు. తుపాకుల మీద ఒక శనివారం, స్కూళ్ళలో ప్రార్థన మీద ఒక శనివారం అలా సరదాగానే గడిచాయి. తర్వాత గర్భస్రావం మీదకి వచ్చాం. నేను ఆయన వాదన గడగడా చెప్పాను. ఆయన కప్పు పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు.

"నేను ఆ ఆస్పత్రి గదిలో నిలబడతాను" అన్నారు. "చట్టం రాసినవాళ్ళ గదిలో మంచం లేదు, ఇక్కడ ఉంది. తల్లి ప్రాణానికి ప్రమాదం వచ్చేదాకా ఆగమని చట్టం అంటుంది. ఎంత రక్తం పోతే ప్రమాదం? డాక్టరు ఫోన్‌లో లాయరు కోసం చూస్తున్నాడు. మంచం మీద ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. జనం ఓటు వేసి తేల్చుకునేదాకా ఆవిడ ఆగలేదు."

నాకు పాప తర్వాత ఒక కడుపు నిలవలేదు. మూడో నెల. ఆ రోజు ఆస్పత్రికి నాతో వచ్చింది ఓమా. ఆవిడకు తప్ప ఎవరికీ వివరాలు తెలియవు. ఆయన నోట ఆ రక్తం మాట వినగానే, నా కథ ఓమా దగ్గర విని, ఆడగొంతు తెచ్చిపెట్టుకుని, వాదనలో గెలవడానికి వాడుకుంటున్నారనుకున్నాను. ఆయన కళ్ళు తెరిచి, "సరిగ్గా చెప్పానా?" అని అడిగారు. అది నాకు వెక్కిరింతలాగే వినిపించింది. నా బాధతో ఆడుకోకండి అని ఒక్క మాట అని, పాప చెయ్యి పట్టుకుని దిగివచ్చేశాను.

ఆరు శనివారాలు వెళ్ళలేదు. ఒకసారి ఆయనే దిగివచ్చి బెల్లు కొట్టారు. నేను వంటింట్లోనే ఉండి, లేనని చెప్పమని మావారిని పంపాను. మావారు తలుపు వేసి వచ్చి, "ఎందుకే గంత కోపం? ముసలాయన మూడు మాట్లు అడిగిండు, నువ్వు మంచిగున్నవా అని. పోయి మాట్లాడరాదు" అన్నారు. వచ్చే వారం చూద్దాంలే అన్నాను. పాప అయితే నన్ను జర్మన్‌లో నిలదీసింది, ఓపా ఏం తప్పు చేశారని.

ఆ వచ్చే వారమే ఆయన పోయారు.

అంత్యక్రియల ముందు రోజు కాగితాలు సర్దడానికి సాయం వెళ్ళాను. ఓమా కప్పులు లెక్కపెట్టుకుంటూ, నామీద ఏ కోపమూ లేకుండా, మామూలుగా చెప్పింది. ఆయన పోయిన ఏడాదంతా కూతురి మాట సరిగ్గా చెప్పడం నేర్చుకుంటున్నారట. ఆమె పాత ఉత్తరాలు తీసి చదివారట, మిడ్‌వైఫ్‌లు రాసినవి తెప్పించుకున్నారట. "కింది అమ్మాయి విని, సరిగ్గా చెప్పారు అంటే, అప్పుడు ఫోన్ చేస్తాను అన్నారు" అంది ఓమా. నా కథ ఆవిడ ఆయనకు ఎప్పుడూ చెప్పనే లేదు.

ఆయన నన్ను అడిగింది పరీక్షలో మార్కుల్లాంటిది. అవును అనే ఒక్క మాట. అది కూడా నిజమే. ఆయన సరిగ్గానే చెప్పారు. సరిగ్గా చెప్పారు కాబట్టే నాకంత నొప్పి పుట్టింది. వాదించడంలో నన్ను మించినవాళ్ళు లేరని విర్రవీగినదాన్ని, ఆయన గెలవడానికి చూస్తున్నారో కలవడానికి చూస్తున్నారో తెలుసుకోలేకపోయాను.

చర్చిలో ఆయన గురించి ఫాదర్ రెండు నిమిషాలే మాట్లాడారు, అలాగే చెయ్యమని ఆయనే రాసి పెట్టారట. తర్వాత పారిష్ హాల్లో కాఫీ, స్ట్రాయిజెల్ కేకు. ఇక్కడ చావు కాఫీకి అదే పెడతారు. కూతురు వంటింట్లో సింకు దగ్గర ప్లేట్లు కడుగుతోంది. నేను వెళ్ళి పక్కన నిలబడి తువ్వాలు అందుకున్నాను. కింది ఇంటిదాన్నని చెప్పాను. తనకు తెలుసంది. తల్లి చెప్పిందట, వాదించే అమ్మాయి అని.

నేను దాచుకోకుండా చెప్పాను. ఆయన ఫోన్ చెయ్యాలనుకున్నది, నా ఒప్పుకోలు కోసం ఆగింది, నేను లేచి వచ్చేసింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నాన్న ఏం చెప్పారో మొత్తం చెప్పమంది.

చెప్పాను. ఆ గది, ఆ మంచం, డాక్టరు చేతిలో ఫోను, ఆవిడ చూపు, ఓటు దాకా ఆగలేకపోవడం. ఆయన ఎక్కడ ఆగారో అక్కడ ఆగాను. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి, ఆమె ట్యాపు కట్టలేదు. "ఇది నేనే" అంది. "ఒక్కటి తప్ప."

ఏమిటని అడిగాను.

"నాకు ఆస్పత్రి మొత్తం ఇచ్చేశారు. దేవుణ్ణి మాత్రం తన వైపే ఉంచుకున్నారు" అంది. "నేను ఆ గదిలో ప్రార్థన చేస్తాను. ప్రతిసారీ. ఆయన నేర్పినదే. ఆ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. దానికి ఏమనేవారు నాన్న?"

ఆయన వైపు చెప్పడం ఇన్నేళ్ళు నేర్చుకున్నాను. తీర్పులు, రాష్ట్రాలు, రాజ్యాంగం, మెట్లు, తలుపు, ఏది అడిగినా చెప్పగలను. దీనికి ఆయన ఏమనేవారో నాకు తెలియదు. బ్రెమెన్ రైలుకు టైమవుతోందని ఓమా రెండుసార్లు తలుపు దాకా వచ్చి చూసి వెళ్ళింది. కూతురు తడి ప్లేటు చేతిలో పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ అలాగే నిలబడి ఉంది.