కొసరుగా వచ్చిన సముద్రం

మా కొత్తింట్లో మొట్టమొదటి భోజనం నాడు నేను చేసిన ఘనకార్యం గురించి మా బంధువులు ఇప్పటికీ నా వెనకాల చెప్పుకుంటారు. వెనకాల అని పరువు కోసం అన్నాను, నిజానికి నా ముందే చెప్పుకుంటారు. కాకపోతే వాళ్ళు మధ్యమధ్యలో కొన్ని అవమానాలు మరిచిపోతున్నారు. ఒక్కటీ తగ్గకుండా ఉండాలని నేనే చెబుతున్నాను.

నా పేరు రాజారత్నం. పర్చూరు దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు సైన్సు మాస్టారిని. పరీక్షలు వచ్చినప్పుడల్లా "ప్రశ్న పూర్తిగా చదవండర్రా, సగం చదివి జవాబు రాసెయ్యకండి" అని పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పే మనిషిని. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత నన్ను కొట్టడానికి పనికొస్తుంది.

నాలుగేళ్ళ కిందట ఫోన్లో ఒక వ్యాసం చదివాను. చెరువుల్లో పెంచిన చేపలకంటే సముద్రంలో సహజంగా పెరిగినవి మేలట. పద్ధతిగా వేటాడితే సముద్రానికీ నష్టం ఉండదట. చదివిన ఐదు నిమిషాల్లో నేను బంగాళాఖాతానికి సంరక్షకుణ్ణి అయిపోయాను. మా ఊరి చుట్టూ ఎటు చూసినా పత్తి, మిరప. సముద్రం మొహం నేను చూసేది ఏడాదికి రెండుసార్లు, అదీ ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని. అయితేనేం? స్టాఫ్ రూములో, టీ కొట్టు దగ్గర, చివరికి చర్చి మెట్ల మీద కూడా ఎవరి నోట చేప మాట వినబడినా ఆపి "చెరువుదా, సముద్రందా?" అని అడిగేవాణ్ణి. నన్ను చూడగానే జనం చేపల సంచి వీపు వెనక్కి మార్చుకోవడం మొదలుపెట్టారు. అది గౌరవం అనుకున్నాను.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నష్టమంతా మా బావ దగ్గర వచ్చింది. మా ఆవిడ సునీతకి ఒక్కడే అన్నయ్య, దావీదు. రేపల్లె వైపు చెరువులు కౌలుకి తీసుకుని పండుగప్పలు పెంచుతాడు. ఆ ఏడు క్రిస్మస్‌కి ఒక పెట్టె నిండా చేపలు ఐసులో పెట్టి, బస్సు మారి, తనే మోసుకొచ్చాడు. సునీత పులుసు పెట్టింది. నేను కంచం ముందు కూర్చుని ఉపన్యాసం పెట్టాను.

"సముద్రం చేప అలలతో కొట్లాడి పెరుగుతుంది బావా. ఆ కండే వేరు. మీ చెరువు చేపకేముంది? వేళకి మేత, వేళకి నిద్ర. రిటైరైన గుమాస్తా లాంటిది."

బావ చేతిలో ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. "ఎండనకా వాననకా గట్టుమీద కాపలా ఉండి పెంచానయ్యా వీటిని" అని మాత్రం అని, లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏడాదిన్నర మా గుమ్మం తొక్కలేదు. చెల్లెలికి ఫోన్ చేసేవాడు. పొరపాటున నేను ఎత్తితే "రాంగ్ నంబరండీ" అని పెట్టేసేవాడు.

ఈలోగా ఇల్లు కట్టుకున్నాం. మే నెలలో గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నాం. సునీతకి అమ్మానాన్నా లేరు. పుట్టింటి బట్టలు పెట్టాల్సింది ఆ అన్నయ్యే. వారం రోజులు ఫోన్లో బతిమాలి, ఒప్పించి, నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఏవండీ, అన్నయ్య వస్తానన్నాడు. నాకు పుట్టిల్లంటే ఇంకెవరున్నారు చెప్పండి? మీకు దణ్ణం పెడతాను, ఆ రోజు చేప అనే మాట ఎత్తకండి."

"నేనెందుకు ఎత్తుతాను?"

"ఎత్తరుగా?"

"ఒట్టు. అసలు నోరే విప్పను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకూ గుండె కలుక్కుమంది. కానీ నేను చేప మాట ఎత్తనన్నానే గానీ, చేప తేనని అనలేదు కదా! ప్రార్థనకు వచ్చే జనానికి వంటవాళ్ళు కోడికూర ఎలాగూ చేస్తారు. బావకీ పాస్టరుగారికీ మాత్రం ఇంట్లో సముద్రపు పండుగప్పతో పులుసు పెట్టిస్తాను. నోట్లో పెట్టుకోగానే బావకి తేడా తెలిసిపోతుంది. కళ్ళు తెరుచుకుంటాయి. నన్ను కౌగిలించుకుంటాడు. మామూలు మనుషులకి ఇలాంటి ఆలోచనలు రావు, దానికి కొంత చదువు కావాలి.

ఆ రోజు పొద్దున్నే బండేసుకుని వాడరేవు వెళ్ళాను. ఒడ్డున బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. మగవాళ్ళు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఒక్క బోటూ సముద్రంలో లేదు. ఆహా, ఇంత పొద్దున్నే వేట ముగించుకుని వచ్చేశారు, ఎంత కష్టజీవులు అనుకున్నాను.

కోటమ్మ అనే ఆవిడ పట్టా పరిచి చేపలమ్ముతోంది. "అమ్మా, సముద్రం పండుగప్ప కావాలి" అన్నాను.

"పండుగప్పలున్నాయయ్యా. చెరువువి."

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో చెప్పాలంటే మా మిరపకాయల బేరం సంగతి చెప్పాలి. మా వైపు మిరప కొనేవాడెవడూ పైకి కనబడే కాయని నమ్మడు. బస్తా అడుగుదాకా చెయ్యి దూర్చి, లోపలి కాయ లాగి చూస్తాడు. పైన ఒకటి, లోపల ఒకటి ఉంటుందని మాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ తెలుసు.

"ఇవి పైకి పెట్టినవిలే. లోపల ఉంచినవి తియ్యమ్మా."

"లోపలా అవేనయ్యా. ఇప్పుడు బోట్లు పోవుగా? రెండు నెలలు వేట లేదు. చేప గుడ్లు పెట్టే కాలం."

"నాకు తెలుసులే" అన్నాను. నాకు తెలియదు.

"సముద్రందే కావాలంటే ఇవిగో, కవళ్ళు. మా ఆయన తెప్పేసుకుని ఒడ్డమ్మటే పట్టుకొచ్చాడు. తెప్పలకి అడ్డం లేదు." వేలెడంత వెండిరంగు చేపలు చూపించింది, ఇంకా తళతళమంటున్నాయి.

"ఇవా! మా ఇంటికి పుట్టింటి చుట్టాలొస్తున్నారమ్మా. ఇవి పిల్లికి కూడా చాలవు."

ఆవిడ నన్ను కిందినుంచి పైకి చూసింది. "తమరేం చేస్తారు బాబూ?"

"హైస్కూల్లో మాస్టారిని."

"అదే అనుకున్నా" అని లేచి, పాక లోపల్నించి మూతపెట్టిన థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చింది. "ఇవీ చెరువువే మాస్టారూ. నేను చెప్పలేదనేవు."

అర్థమైందన్నట్టు గంభీరంగా తలూపాను. పెట్టె మీద ఆకుపచ్చ పెయింటుతో నక్షత్రం గుర్తు ఉంది. ఎగుమతి సరుకన్నమాట! చేపని ఎత్తి, మిరపకాయని చూసినట్టు ఎండకి పట్టి, వాసన చూసి, "ఇదీ సముద్రమంటే" అన్నాను. వల అల్లుకునే ఆయనెవరో దగ్గాడు. పెట్టెతో సహా కొనేసి, కొసరు అడిగాను. కొసరు లేకుండా కరివేపాకు కూడా కొనని వంశం మాది. కోటమ్మ రెండు దోసిళ్ళ కవళ్ళు కవర్లో పోసి, "పిల్లికన్నావుగా, తీసుకుపో" అంది.

ఇంటికొచ్చాక సునీత పెట్టె చూసి నీరుకారిపోయింది. "చేప మాట ఎత్తనన్నారు!"

"ఎత్తలేదుగా? మోసుకొచ్చాను. ఇదిగో, పులుసులో కారం బాగా తగ్గించు. సముద్రం రుచి తెలియాలి."

"కారం తగ్గించాలా? మనూళ్ళోనా? పాస్టరుగారు భోజనం మానేసి మళ్ళీ ప్రార్థన మొదలెడతారు."

అయినా నా మాటే నెగ్గించుకున్నాను. ఆ కోపమంతా సునీత కవళ్ళ మీద చూపించి, దండిగా కారం, ఉప్పు పట్టించి కరకరలాడేలా వేయించింది. నేను పిల్లికి కారమెందుకని అడగబోయి, ఆమె చేతిలో అట్లకాడ చూసి ఊరుకున్నాను.

బావ వచ్చాడు. చెల్లెలికి పసుపుపచ్చ చీర పెట్టాడు. ఆమె అన్నయ్య భుజమ్మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. నాతో మాత్రం "బాగున్నారా" అన్నాడు, 'న్నారా' దగ్గర కొంచెం గట్టిగా. ప్రార్థన అయింది. పాస్టరుగారూ, బావా, నేనూ వరసగా కూర్చున్నాం. పులుసూ, పక్కన వేయించిన కవళ్ళూ వడ్డించింది సునీత. నేను నిజంగానే నోరు మూసుకున్నాను. సుమారు మూడు ముద్దలదాకా.

"ఎలా ఉంది బావా?"

"బానే ఉంది. కాస్త చప్పగా ఉంది."

"అది చప్పదనం కాదు, సముద్రం! వాడరేవు వెళ్ళి నేనే తెచ్చాను. ఇప్పుడు తెలిసిందా తేడా? ఈ కండ చూడు! చెరువులో పెరిగినదానికి వస్తుందా ఈ కండ?"

సునీత చేతిలో గరిటె ఆగిపోయింది. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. బావ లేచి, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. అయిపోయింది, మళ్ళీ వెళ్ళిపోతున్నాడు. సునీత మొహం చూస్తే నాకు మొదటిసారి భయమేసింది. ఆమెకున్న ఒక్క పుట్టింటినీ రెండోసారి నా నోటితో నేనే తరిమేశాను.

అప్పుడు పెరట్లోంచి కేక వినబడింది. "రత్నం! ఒకసారి ఇట్రా!"

వెళ్ళాను. కుళాయి పక్కన ఆ థర్మోకోల్ పెట్టె బోర్లించి ఉంది. బావ దానిమీది నక్షత్రాన్ని తడి వేలితో చూపించాడు.

"ఈ బొమ్మ మా అమ్మాయి వేసింది. మొన్న మా చెరువులో చేపలు పట్టాం. వేట లేదు కదా, వాడరేవు వాళ్ళు కూడా నా దగ్గరే తీసుకెళ్ళారు. క్రిస్మస్‌కి తెచ్చిన పెట్టె మీదా ఇదే ఉంది. నువ్వప్పుడు మాట్లాడుతున్నావులే, చూడలేదు."

నా నోరు తెరుచుకుంది, మాట రాలేదు. మా పెళ్ళయ్యాక అలా జరగడం అదే మొదలు.

"ఆ మనిషి నీకు చెప్పలేదా?"

"చెప్పింది. లోపలా అవేనంది."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

బావ కుళాయి గట్టు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. సునీత పరుగెత్తుకొచ్చి, సంగతి విని, ఏడుస్తూనే నవ్వింది. "అలలతో కొట్లాడిందా రత్నం నా చేప?" అంటూ బావ నా వీపు మీద చరిచాడు. ఏడాదిన్నర బాకీ ఆ దెబ్బలో ఉంది.

మళ్ళీ వచ్చి కూర్చున్నాం. "ఆ చిన్న చేపలు ఇంకో రెండు వెయ్యమ్మా. అసలు రుచంతా వాటిలోనే ఉంది" అన్నాడు బావ. అవి సముద్రంవి. అప్పటికే పాస్టరుగారు గిన్నె ఖాళీ చేసేశారు. సునీత నా ఫోను తీసుకుని, ఏడాదిన్నరగా నేను ఊరంతా ప్రచారం చేసిన వ్యాసాన్ని వేలితో పైకి తోసింది. కింద ఇంకా సగం ఉంది. గట్టిగా చదివింది. గుడ్లు పెట్టే కాలంలో వేటాడిన చేపలు అడగకూడదట. పెద్ద చేపల కోసం ఎగబడకుండా కవళ్ళలాంటి చిన్న చేపలు తింటే సముద్రానికి మేలట. పిల్లి గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది, దాని వాటా నేనే ఎగ్గొట్టినట్టు.

అందుచేత ఆ కొత్తింటి గడప మీద నిలబడి, పాస్టరుగారి ఎదుట ప్రమాణం చేశాను. ఏ వ్యాసమైనా చివరిదాకా చదవకుండా నోరు విప్పను. చేపలమ్మే మనిషి చేప గురించి చెబితే నమ్ముతాను. ఇకమీదట పుట్టింటి చుట్టాలొస్తే కొసరే వండించి, కొన్నది పిల్లికి పెడతాను. పాస్టరుగారు ఆమెన్ అన్నారు, అందరికంటే గట్టిగా బావ అన్నాడు.

ఇప్పుడు బావ పండగ పండక్కీ పెట్టె పంపిస్తాడు. ఆకుపచ్చ నక్షత్రం కింద, అదే పెయింటుతో, మా మేనకోడలి చేతిరాత గుండ్రంగా ఉంటుంది: "చెరువువే మాస్టారూ. లోపలా అవే."