ఉరుము పెట్టెకు చేసిన రిపేరు

మా బావ చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆంప్లిఫయర్ల పని ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైపోయిన రేడియోలు విప్పి, ఏ తీగ ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో పాత క్యాలెండర్ల వెనక గీసుకుని, షాకులు తిని నేర్చుకున్నాడు. మీటరు పెట్టే ముందు చెవి పెట్టేవాడు. పెట్టె ఆన్ చేసి, కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకు వంచి వినేవాడు. "కండెన్సరు ఎండిపోయింది" అనో, "మూడో వాల్వు కాలు వదులైంది" అనో చెప్పేవాడు. తర్వాత మీటరు పెడితే అదే తేలేది. అందుకే అందరూ ఆయన్ని చెవి మేస్త్రీ అనేవారు.

మా అక్క మాత్రం ఒప్పుకునేది కాదు. "పెళ్లాం పక్కనే నిలబడి మూడుసార్లు పిలిస్తే వినపడదు. పక్కవీధిలో ఫ్యాను బేరింగు మూలిగితే మాత్రం అన్నం మధ్యలో లేచి కూర్చుంటాడు. ఇదేం చెవో మరి!" అనేది.

ఆయన షాపు పక్క గది నాది. నేను మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాణ్ణి. మధ్య గోడలో చిన్న కిటికీ ఉండేది. మాడిన ట్రాన్స్‌ఫార్మరు అటునుంచి ఇటు వచ్చేది, చుట్టినది ఇటునుంచి అటు వెళ్లేది. దానితోపాటు తిట్లు కూడా వచ్చేవి. వార్నిష్ సరిగా ఆరకపోతే ముట్టుకోకుండానే కనిపెట్టేసేవాడు.

బావ పనికి ఒకటే నియమం. షాపు గుమ్మం దాటే పెట్టెలో ఒక్క తప్పు కూడా మిగలకూడదు. ఒక రిపేరుకని తెచ్చినవాళ్లకు మూడు చేసి ఇచ్చేవాడు. "ఇది మేం అడగలేదే" అంటే, "మీరు అడక్కపోతే అది పాడవనట్టా?" అనేవాడు. చెప్పిన రోజుకి ఏనాడూ ఇచ్చింది లేదు. కానీ ఆయన దగ్గరికి రెండోసారి అదే రోగంతో తిరిగొచ్చిన పెట్టెను నేను చూడలేదు.

ఒక్క పెట్టె మినహా. అది ఉరుము పెట్టె.

ఉరుము అంటే ఒక రాక్ పాటగాడు. ఆయన అసలు పేరు పోస్టర్ల మీద కూడా చిన్న అక్షరాల్లోనే ఉండేది. మనిషి తలుపుకి తల తగిలేంత ఎత్తు. గిటారు ఆయనే వాయించుకునేవాడు. మొదటిసారి అద్దె వ్యానులో ఆ పెట్టె దింపించుకుని లోపలికొచ్చినప్పుడు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ఆయనకంటే వయసులో పెద్దదైన, గాజు బుడ్ల వాల్వులతో నడిచే ఆంప్లిఫయరు అది. నాలుగో చేతికో ఐదో చేతికో వచ్చినట్టుంది. స్పీకరు కాగితం చిరిగితే ఎవరో జిగురు పట్టీ వేశారు. ట్రాన్స్‌ఫార్మరు రేకులు వదులై గుయ్యిమంటున్నాయి. అసలు రోగం ఒక కండెన్సరులో ఉంది. పాటను ముందుకు పంపి కరెంటును ఆపడం దాని పని. అది కరెంటును పూర్తిగా ఆపడం లేదు, కొంచెం కారుతోంది. దాంతో చివరి వాల్వులు ఎర్రగా కాలుతున్నాయి.

"కండెన్సరు పోయింది సార్. రేపటికల్లా మార్చేస్తా" అన్నాడు బావ.

"మార్చొద్దు."

"మార్చకపోతే మూడు నెలలకోసారి వాల్వులు మాడతాయి సార్."

"మాడనీ. మూడు నెలలకోసారి వస్తా."

"రోగం ఉంచుకుని మందు బిళ్లలు మార్చుకుంటానంటారు!"

ఉరుము నవ్వి, గిటారు తీగ ఒక్కటి మీటాడు. ఆ మోత మొదట కుంగింది. బరువెత్తే మనిషి ఒంగినట్టు ఒంగి, తర్వాత గరగరమంటూ పైకి లేచింది. నా టేబులు మీది స్క్రూలు కదిలాయి.

"విన్నావా? ఆ లేవడం ఉంది చూశావా, దాని కోసమే ఈ డొక్కు పెట్టె మోసుకు తిరుగుతున్నా. దాని మీద చెయ్యేశావో, నీ చెయ్యి విరిచేస్తా మేస్త్రీ. నేను పోయాక నీ ఇష్టం. కడుపునిండా బాగుచేసుకో."

అప్పటినుంచి ఇరవై రెండేళ్లు, మూడు నెలలకోసారి ఆయన వచ్చేవాడు. బావ కొత్త వాల్వులు వేసేవాడు. ఆయన అక్కడే స్టూలు మీద కూర్చుని వాయించి చూసుకునేవాడు. "చేతులు దురద పెడుతున్నాయా మేస్త్రీ?" అనేవాడు. "పెడుతున్నాయి సార్" అనేవాడు బావ. "జేబులో పెట్టుకో!" పాట ఆపినా ఈ మూడు మాటలు ఏనాడూ ఆపలేదు.

ఆ మోత రికార్డుల్లో లేదు. గుయ్యిమంటుందని స్టూడియోవాళ్లు ఆ పెట్టెను లోపలికి రానిచ్చేవారు కాదు, వాళ్ల మిషనే ఇచ్చేవారు. ఉరుము భార్య మా అక్కతో అంటుండేది: "రికార్డులో గొంతు మా ఆయనదే వదినా. మోత మాత్రం పక్కింటివాళ్లది." ఎదురుగా కూర్చుని విన్నవాళ్లకే ఆ మోత తెలుసు.

పోయిన ఏడాది ఒక ఉదయం బూట్లు తొడుక్కుంటూ ఉరుము పక్కకు ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. రెండో బూటు చేతిలోనే ఉందట. ఆ వారం బావ షాపు తెరిచాడు గానీ ఒక్క పెట్టె కూడా విప్పలేదు.

ఏడాది నిండే రోజున పాత బృందమంతా కలిసి ఆయన జ్ఞాపకార్థం కచేరీ పెట్టింది. గిటారుకి ఆయన శిష్యురాలిని అనుకున్నారు. కచేరీకి నెల ముందు ఉరుము భార్య పెట్టెను తీసుకుని వచ్చింది.

"ఏడాదిగా మూలన పడుంది అన్నయ్యా. ఇంట్లో ఆన్ చేద్దామంటే నాకు ధైర్యం చాల్లేదు. ఆ రోజుకి పలికేలా చూసిపెట్టండి. ఒక్కసారి ఆ మోత వింటే చాలు నాకు."

"నిశ్చింతగా ఉండమ్మా. నాది పూచీ" అన్నాడు బావ.

ఆమె వెళ్లాక పెట్టె విప్పి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత సోల్డరింగ్ ఐరన్ వేడికి పెట్టాడు.

"బావా, దాన్ని ముట్టుకోవద్దన్నాడు కదా?"

"ఉన్నన్నాళ్లూ వద్దన్నాడు. పోయాక చెయ్యమన్నాడు. నువ్వూ విన్నావు."

"సరదాకి అన్నాడేమో."

"పని దగ్గర సరదా ఏంట్రా? ఏడాదిగా ఆన్ చెయ్యని పెట్టె ఇది. అంతమంది ముందు వాల్వు మాడి పాట మధ్యలో ఆగిందనుకో, ఆయన పేరు మీద పెట్టిన కచేరీలో ఆయన పెట్టే ఆగిపోతే నువ్వూ నేనూ తల ఎక్కడ పెట్టుకోవాలి? ఇరవై రెండేళ్లు ఆ మనిషికి తప్పున్న పెట్టె ఇచ్చి పంపించాన్రా నేను."

నిజం చెప్పాలంటే, ఆ ట్రాన్స్‌ఫార్మరు మీద నాకూ ఎన్నాళ్లనుంచో కన్నుంది. మరునాడే కిటికీలోంచి అందుకున్నాను. ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ పాత తీగ విప్పాను. పొర పొరకీ కొత్త కాగితం వేసి, కొత్త తీగతో చుట్టి, రేకులు బిగించి, వార్నిష్‌లో ముంచి రెండు రోజులు వేడిలో ఆరబెట్టాను. నా చేతితో నేను చుట్టినవాటిలో అంత చక్కటిది లేదు. పాత తీగ ఆ వారం ఇనుప సామాన్లవాడికి మిగతా తుక్కుతోపాటు వెళ్లిపోయింది. బావ కండెన్సర్లన్నీ మార్చాడు. స్పీకరుకి కొత్త కాగితం వేశాడు. పాతవి చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో వేసింది ఎవరో కాదు, నేనే.

ఇద్దరిలో ఎవరికీ గిటారు మీటడం రాదు. ఇన్నేళ్లూ వాయించి చూసుకున్నది ఉరుమే. మేము మీటరుతో చూశాం, పరీక్షకు పెట్టే ఈల శబ్దం పంపి చూశాం. బావ కళ్లు మూసుకుని తల వంచి విన్నాడు.

"చుక్క శబ్దం లేదురా" అన్నాడు. ఇరవయ్యేళ్ల వయసు తగ్గినట్టున్నాడు.

ఆ చెవి తప్పుల్ని వినడానికి అలవాటుపడిన చెవి. తప్పు లేనిచోట దానికి వినడానికి ఏమీ లేదు. ఈ మాట నాకు ఇప్పుడు తడుతోంది, అప్పుడు తట్టలేదు.

అలవాటు ప్రకారం పని ఆలస్యమైంది. శిష్యురాలు వేరే పెట్టెతోనే సాధన చేసుకుంది. ఉరుము పెట్టెను కచేరీ రోజు పొద్దున హాలుకి చేర్చాం. సౌండువాళ్లు తీగలు తగిలించి, రెండు నిమిషాలు మోత ఎంతుందో చూసి, సరే అన్నారు.

సాయంత్రం ఐదుకి మొదలు. హాలు నిండిపోయి మెట్ల మీద కూడా కూర్చున్నారు. వేదిక వెనక ఉరుము నిలువెత్తు ఫోటో. మమ్మల్ని మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఈ చివర నేను, తర్వాత అక్క, బావ, ఆ పక్కన ఉరుము భార్య. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫోటోను కాకుండా పెట్టెనే చూస్తోంది.

మొదటి పాట డ్రమ్ముల హోరులో పోయింది. గిటారు ఎలా ఉందో తెలియలేదు. బావ తల మాత్రం పక్కకు వంగడం చూశాను. రెండో పాటలో ఒకచోట అందరూ ఆగిపోతారు. ఉరుము పాడడం ఆపి, ఒకే ఒక్క తీగ మీటి, చేతులు వదిలేసి నిలబడేవాడు. మోత కుంగి, దానంతటది లేచి, హాలు పైకప్పు దాకా పోయేది. జనం ఊపిరి బిగబట్టేది అక్కడే.

శిష్యురాలు మీటింది. ఆమె చెయ్యి మంచి చెయ్యి, ఆమెను అనడానికి లేదు. మోత నిటారుగా వచ్చింది. నిటారుగానే నిలబడింది. నీళ్లలా శుభ్రంగా ఉంది. మెల్లగా సన్నబడి ఆగిపోయింది. కుంగలేదు, లేవలేదు.

హాలంతా చప్పట్లు. ఈలలు. నా వెనక ఒకాయన "అచ్చం ఆయనే!" అని ఏడుస్తున్నాడు.

బావ కళ్లు తెరవలేదు. ఉరుము భార్య అటునుంచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"అన్నయ్యా, ఇది మా పెట్టె కాదు. మార్చేశారు వీళ్లు! అచ్చం దానిలాంటిదే తెచ్చిపెట్టి మోసం చేశారు. ఎవర్నడగాలి నేను?" ఆమె లేవబోయింది.

ఊరుకుంటే ఆ మాట నిర్వాహకుల మీదకి పోయేది. ఇంకొకడైతే ఊరుకునేవాడేమో.

"పెట్టె అదేనమ్మా" అన్నాడు బావ. "కూర్చో. నేనే బాగుచేశాను."

"బాగుచేశారా? ఏం బాగుచేశారు?"

"అన్నీ."

ఆమె చెయ్యి తీసేసుకుంది. కాసేపటికి కూర్చుని, ఎదర చూస్తూ, "మీరు మంచికే చేసుంటారు అన్నయ్యా" అంది. తిట్టినా బాగుండేది. మిగిలిన ఎనిమిది పాటలూ మేం నలుగురం కదలకుండా కూర్చున్నాం.

అయిపోయాక శిష్యురాలు చెమటతో పరుగెత్తుకుంటూ కిందికొచ్చింది. "మేస్త్రీగారూ, ఏం చేశారండీ! ఎక్కడా గుయ్యిమనలేదు, బరబర లేదు. గురువుగారి పెట్టె ఇంత బాగా పలకడం నేనెప్పుడూ వినలేదు. మీ చేతికి దండం పెట్టాలి!" నిజంగానే రెండు చేతులూ పట్టుకుంది. బావ జీవితంలో వాయిద్యగాళ్ల నోట అంతకంటే పెద్ద పొగడ్త విని ఉండడు. "సరేనమ్మా" అని చేతులు విడిపించుకున్నాడు.

పెట్టె మళ్లీ షాపుకి వచ్చింది. ఆ మోతను తిరిగి తెస్తానన్నాడు. కొత్త కండెన్సరుకి పక్కన రెసిస్టరు కట్టి కరెంటు కారేలా చేశాడు. వాల్వులు ఎర్రబడ్డాయి, మోత మాత్రం లేవలేదు. స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీరి పట్టీ వేశాడు. నన్ను రేకులు వదులు చెయ్యమన్నాడు, చేశాను. మళ్లీ గుయ్యిమంది, అంతే. ఇనుప సామాన్లవాడి దగ్గరికి వెళితే, ఆ రాగి ఏ కొలిమిలో కరిగిందో నాకేం తెలుసన్నాడు. శిష్యురాలు పాపం నాలుగుసార్లు వచ్చి మీటి చూపించింది. ప్రతిసారీ ఏదో ఒక చెడ్డ శబ్దం వచ్చేది. ఉరుము మోత మాత్రం కాదు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆవిడ పెట్టె ఆవిడకిచ్చెయ్" అంది అక్క. ఆ మాటలో ఎప్పటి ఎత్తిపొడుపు లేదు.

"నలభై ఏళ్లుగా బాగుచెయ్యడమే నేర్చుకున్నాన్రా" అన్నాడు బావ నాతో. "ఇదెలా చెయ్యాలో నాకు తెలీదు."

మరునాడు ఇద్దరం పెట్టెను ఆమె ఇంటికి మోసుకెళ్లాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ప్రతి మలుపులో ఆగి ఊపిరి పీల్చుకున్నాం. ముందు గదిలో కిటికీ పక్కన నేల మీద పెట్టె ఉండిన చోటు నలుచదరంగా, మిగతా గచ్చుకంటే తెల్లగా ఉంది. ఆమె అక్కడే పెట్టించుకుంది. బావ తీగ ప్లగ్గు దాకా లాగి, పెట్టకుండా ఆగాడు.

"రాలేదమ్మా. ఎంత చేసినా రాలేదు" అన్నాడు.

"కాఫీ తాగుతారా అన్నయ్యా?"

"వద్దమ్మా."

ఆమె తలూపింది. మేం దిగేశాం. కింద గేటు దగ్గర బావ ఆగిపోయి, కళ్లు మూసుకుని, ఆ కిటికీ వైపు తల వంచి నిలబడ్డాడు. నేనూ పక్కనే నిలబడ్డాను. పైన ఆమె స్విచ్ వేస్తుందేమోనని ఎంతోసేపు చూశాం. వెయ్యలేదు. కాసేపటికి ఆ కిటికీ తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం వినపడింది.