సమ్మక్క బుగ్గ ముక్కకు రంగు రాలేదు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, జూన్ మొదటి వారంలో నన్ను రక్త పరీక్షల విభాగం నుంచి హిస్టోపాథాలజీకి వేశారు. వరంగల్‌లో అదొక పెద్ద దవాఖాన, పేరు రాయను. ఆ విభాగం నాకు కొత్త కాదు. ఉద్యోగంలో మొదటి పదేళ్ళు అక్కడే గడిపాను. ఈసారి సీనియర్ టెక్నీషియన్ హోదాలో వెళ్ళాను. ఈ బదిలీకి కారణం నా నోరేనని అందరూ అనుకున్నారు. కొంత నిజమే.

హిస్టోపాథాలజీ అంటే శరీరంలోంచి కోసి తీసిన ముక్కను పరీక్షించే చోటు. ముక్కను కుళ్ళిపోకుండా ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనపు దిమ్మలో బిగించి, మైక్రోటోమ్ అనే యంత్రం మీద ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు స్లైడ్ మీద పరచి రంగు వేస్తాం. ఇదంతా నా పని. స్లైడ్ చూసి రిపోర్టు రాయడం డాక్టర్ల పని. నాకు పైన అసిస్టెంట్ ప్రొఫెసర్ డాక్టర్ అనూష, ఆమెకు పైన ప్రొఫెసర్ గారు. మైక్రోస్కోపులో చూడటానికి నాకు అనుమతి ఉండేది, అభిప్రాయం చెప్పడానికి ఉండేది కాదు. అయినా చెప్పేదాన్ని.

ఆ నెలలోనే సమ్మక్క బుగ్గ ముక్క మా దగ్గరికి వచ్చింది. సమ్మక్కది కేసముద్రం. మార్కెట్ యార్డులో చాట పట్టి గింజలు చెరిగే పని. దుమ్ము గొంతులోకి పోకుండా ఎడమ బుగ్గలో తంబాకు పెట్టుకునేది, ఇరవై ఏళ్ళుగా. అక్కడే తెల్లటి మచ్చ లేచింది, మధ్యలో చిన్న పుండు. పంటి డాక్టరు అందులోంచి గోరంత ముక్క తీసి పంపాడు.

మామూలు రంగు వేసిన స్లైడ్ చూసి డాక్టర్ అనూష ఎటూ తేల్చలేకపోయింది. కణాలు వికారంగానే ఉన్నాయి. కానీ పుండు పక్కన ఉన్న మంచి కణాలు కూడా ఒరుసుకొని, వాచి, ఒక్కోసారి అలాగే కనిపిస్తాయి. ఒట్టి ఒరిపిడే అయితే తంబాకు మానిపించి, మూడు నెలలకోసారి రమ్మంటే సరిపోతుంది. క్యాన్సర్‌కు ముందు దశ అయితే మాత్రం మచ్చ చిన్నగా ఉండగానే మొత్తం కోసి తీసేయాలి. ఇంటికి పంపాలా, ఆపరేషన్ బల్ల మీదికి పంపాలా అన్నది ఆ గోరంత ముక్కే చెప్పాలి. ఇంకో ముక్క తీసే దారి లేదు. నోట్లో మళ్ళీ సూది వేస్తానంటే ఈ గడప తొక్కనని సమ్మక్క ముందే చెప్పేసింది.

అందుకని పీ-53 పరీక్ష చేయమన్నారు. పీ-53 ఒక ప్రోటీన్. కణం లోపల ఏ జన్యువు పని చేయాలి, ఏది ఆగాలి అని హుకుం జారీ చేసే రకం. కణంలో ఏదైనా చెడిపోతే విభజన ఆపించేది ఇదే. మంచి కణం దీన్ని కొద్దిగా తయారు చేసి, వెంటనే విరగ్గొట్టేస్తుంది. కాబట్టి పరీక్షలో అక్కడక్కడా లేత గోధుమ రంగు కనిపిస్తుంది. దీని జన్యువే చెడితే పనికిరాని ప్రోటీన్ పేరుకుపోయి, కణకణానా ముదురు గోధుమ రంగు పట్టేస్తుంది. అంతవరకే నాకు తెలుసు. అంతా తెలుసనుకున్నాను.

ఈ పరీక్షకు ముందు స్లైడ్లను ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించాలి. ఫార్మలిన్‌లో బిగుసుకున్న ప్రోటీన్లు అప్పుడే వదులై రంగుకు చిక్కుతాయి. మాది వంటింటి కుక్కరే, విజిల్‌తో సహా. మొదటిసారి ఉడికించి, పీ-53ని పట్టుకునే మందు పోసి, రంగు వేసి చూస్తే సమ్మక్క స్లైడ్ మీద నాకు గోధుమ రంగు జాడే కనిపించలేదు. మచ్చ ఉన్న మేరంతా ఒట్టి నీలం, అంటే కణాలు కనబడటానికి అన్నిటికీ వేసే అడుగు రంగు. దానితో పాటు నడిపిన కంట్రోల్ స్లైడ్, అంటే రంగు వస్తుందని ముందే తెలిసిన వేరే ముక్క, చక్కగా ముదురు రంగు పట్టింది. మందు మంచిదే, చేయి మంచిదే. ఇక తప్పు ముక్కదే అని లెక్క తేల్చాను. శని, ఆదివారాలు కలిసి అది నాలుగు రోజులు ఫార్మలిన్‌లో నానింది. అంతసేపు నానితే రంగు పట్టకపోవచ్చు. ఆ లెక్క పూర్తిగా తప్పు కాదు, కనుకే మోసపోయాను.

డాక్టర్‌కు చెప్పలేదు. ఇన్నేళ్ళకు మళ్ళీ వచ్చి, వచ్చిన నెలలోనే స్లైడ్ పాడు చేసిందన్న పేరు నాకెందుకు? ఈసారి ఇంకాసేపు ఉడికిద్దామని మళ్ళీ మొదలుపెట్టాను.

కుక్కర్ కూత పెడుతుండగా సమ్మక్క తలుపు దగ్గర నిలబడింది. రిపోర్టు కోసం వచ్చిందట.

"ఏం కూర చెల్లె?" అంది.

"నీ బుగ్గనే ఉడుకుతాంది అక్కా."

ఆమె భయపడుతుందేమోనని నాలుక కరుచుకున్నాను. ఆమె కుక్కర్ వంక చూసి, "ఉప్పు జూసినవా మరి?" అని నవ్వింది. వెంటనే దబాయింపు మొదలైంది. "రెండు వారాలాయె. గోరంత ముక్క జూసుటానికి గింత సేపా? మేం దినానికి పది బస్తాలు చెరుగుతం."

"మా చాట చిన్నది అక్కా," అన్నాను. సోమవారం రమ్మని పంపేశాను.

రెండోసారీ రంగు రాలేదు.

సోమవారం పొద్దున దిమ్మను మూడోసారి మైక్రోటోమ్‌కు బిగించి, దాన్ని తిప్పే చక్రం మీద చెయ్యి వేశాను. మైనంలో ముక్క దాదాపు అయిపోయింది. నాలుగైదు పొరలకు మించి రాదు. అప్పుడే డాక్టర్ అనూష వచ్చి సమ్మక్క స్లైడ్ ఏదని అడిగింది.

"ఫెయిలైంది మేడం. మళ్ళ చేస్తున్న."

"ఎన్నోసారి?"

రెండోసారి అనబోయాను. నోరు మూడోసారి అంది.

ఆమె గొంతు పెంచలేదు. "చక్రం మీదికెల్లి చెయ్యి తియ్యి విజయక్కా," అంది. తీశాను.

ఫెయిలైన స్లైడ్లు చూపించమంది. ఫెయిలైనవి చూసి ఏం చేస్తారని అడిగాను. పారేశానా అంది. లేదు, ట్రేలోనే ఉన్నాయి. తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. నేను మచ్చ మీద రంగు కోసం వెతికాను. ఆమె మచ్చ దాటి ముక్క చివరికి పోయింది. అక్కడ బుగ్గ లోపలి మంచి పొర కాస్త మిగిలి ఉంది. దాని అడుగు వరుస కణాల్లో అక్కడక్కడా లేత గోధుమ రంగు.

ముక్క రంగు పట్టనిదైతే ఈ కణాలకు ఎట్లా పట్టిందని ఆమె ప్రశ్న. అంచుల్లో మందు నిలిచి రంగు ఎక్కువ పట్టడం మామూలేనని నా జవాబు. ఈ వాదన నేను అప్పటికప్పుడు కల్పించింది కాదు, మా పనిలో నిజంగా జరిగేదే. ఆమె స్లైడ్‌ను నడిమికి జరిపింది. మచ్చకు సరిగ్గా కింద, ముక్క మధ్యలో, వాపు వల్ల చేరిన తెల్ల రక్తకణాలు. వాటిలోనూ కొన్నింటికి లేత రంగు.

"ఇది అంచు కాదు కదక్కా?"

నేను అంత తేలిగ్గా ఒప్పుకునే రకాన్ని కాదు. రెండో స్లైడ్ నేనే పెట్టి చూశాను. అదే వరస. పైన నీలం, కింద లేత గోధుమ. అప్పుడామె నాకు తెలియని సగం చెప్పింది. జన్యువు ఒక రకంగా చెడితే ప్రోటీన్ పేరుకుపోతుంది. ఇంకో రకంగా చెడితే అసలు తయారే కాదు. చుట్టూ మంచి కణాలకు రంగు పట్టి, మచ్చలోని కణాలకు బొత్తిగా పట్టలేదంటే పరీక్ష సక్రమంగా జరిగిందనే అర్థం. ఆ కణాల్లో హుకుం జారీ చేసేదే లేదు.

"అంటే మొదటిసారే వచ్చింది ఫలితం," అన్నాను.

"మొదటిసారే వచ్చింది," అంది. నేను దిమ్మను మైక్రోటోమ్ నుంచి విప్పి పక్కన పెట్టాను. ఇంకో మాట వాదించకుండా ఒప్పుకున్నానని విభాగంలో వింతగా చెప్పుకున్నారు.

ప్రొఫెసర్ గారు రెండు స్లైడ్లూ చూసి, మిగిలిన ముక్కను మామూలు రంగుకే వాడమన్నారు. నాలుగు పొరలు వచ్చాయి. అంత జాగ్రత్తగా నా సర్వీసులో ఎప్పుడూ కోయలేదు. పుండుకు దూరంగా, వాపు లేని చోట కూడా కణాల వరస చెదిరి ఉంది. పీ-53 చెప్పిందీ, ఇదీ ఒకటే మాట: క్యాన్సర్‌కు ముందు దశ, ముదిరింది. మచ్చ మొత్తం తీసేయాలని రిపోర్టు వెళ్ళింది.

ఆపరేషన్ వద్దని సమ్మక్క సర్జన్‌తో వాదించింది, మత్తు డాక్టర్‌తో వాదించింది, చివరికి ఒప్పుకుంది. తీసిన మచ్చ మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. చెడ్డ కణాలు ఎక్కడా లోపలికి దిగలేదు, అంచులు శుభ్రం. నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు తంబాకు సంగతి అడిగాను.

"ఇడిసిపెట్టిన. పుట్నాలు బుక్కుతున్న."

"మరి దుమ్ముకు?"

"మూతికి తువ్వాల గట్టుకుంటున్న చెల్లె. కానీ గట్ల గట్టుకుంటే తిట్టు బయటికి వస్తలేదు. హమాలోళ్ళకు పండుగైంది."

ఆ తర్వాత నేను ఆ విభాగంలో ఉన్నంతకాలం ఒక పద్ధతి నడిపించాను. రంగు రాని స్లైడ్‌ను డాక్టర్ చూడకముందు ట్రేలోంచి తీయకూడదు. రెండోసారి పొర కోయాలంటే ఎందుకో రిజిస్టర్‌లో రాసి, డాక్టర్ సంతకం తీసుకోవాలి. కొత్త టెక్నీషియన్లు దీన్ని చాదస్తం అనుకునేవారు. వాళ్ళకు ఈ కథ చెప్పి, నా తప్పు ఎక్కడుందో కనిపెట్టమనేదాన్ని. అందరూ డాక్టర్‌కు చెప్పకపోవడమే తప్పు అనేవారు. అది రెండోది. మొదటిది అంతకుముందే జరిగింది. నీలం స్లైడ్ చూడగానే అది ఫెయిలైన పరీక్ష గురించి, నాకొచ్చే పేరు గురించి చెబుతోందనుకున్నాను. అది సమ్మక్క గురించి చెబుతోంది.